చిన్న గచ్చు మీద ఐస్ హాకీ ఆటలు: గోలు ముందు ఎక్కడుండాలి, ఎదుటోణ్ణి ఎలా ఆపాలి

వారానికి ఒకళ్ళైనా ఇదే అడుగుతున్నారండి. కొందరు కెనడాలోనో అమెరికాలోనో ఉంటారు, "మావాడు ఐస్ హాకీలో చేరాడు, స్కేటింగ్ బ్రహ్మాండం, కానీ పక్ (ఐస్ మీద బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎటు పోతే అటే పరిగెడతాడు, ఎక్కడుండాలో తెలీట్లేదు" అంటారు. ఇంకొందరు మన ఇటేపు వాళ్ళే, భీమవరం నుంచి, అమలాపురం నుంచి, "స్కేట్స్ వచ్చిన పిల్లలు పదిమంది ఉన్నారు, ఐస్ ఎలాగూ లేదు, గచ్చు మీద ఆడిద్దామంటే బెల్లం చుట్టూ ఈగల్లా అందరూ బంతి మీదే పడుతున్నారు" అంటారు. ఇద్దరికీ మందు ఒకటేనండి. జాగా తగ్గించండి, రూలు ఒక్కటి మార్చండి, ఆ తర్వాత మీరు నోరు మూసుకుని చూడండి. మూడోదే కష్టం.

నేను ఏడేళ్ళు కెనడాలో బ్రాంప్టన్‌లో ఉండి, మా అబ్బాయిని తెల్లారగట్ల రింకుకి, అంటే ఐస్ మైదానానికి, తీసుకెళ్ళి, అక్కడ ఊరికే నిలబడ్డం ఎందుకని కోన్లు సర్దే పనికి ఒప్పుకుని, అలా అలా చిన్నపిల్లల కోచ్‌కి సాయం చేసే దాకా వచ్చాను. ఇప్పుడు పాలకొల్లు పక్కన ఉంటున్నాను, ఆదివారాలు ఒక రైసుమిల్లు ఆరబోత గచ్చు మీద పిల్లల చేత ఆడిస్తున్నాను. అక్కడ చూసిందీ ఇక్కడ తిప్పలు పడిందీ కలిపి రాస్తున్నాను.

థియరీ రెండు ముక్కలే. అక్కడి పూర్తి రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, గోలీలు (గోలు కాపలా కాసేవాళ్ళు) కాకుండా అటు ఐదుగురు ఇటు ఐదుగురు, మధ్యలో పక్ ఒక్కటే. అంత జాగాలో ఎనిమిదేళ్ళ పిల్లాడికి పక్ తగిలేది ఎప్పుడో ఒకసారి, మిగతా టైమంతా దాని వెనకాల పరుగే. అందుకే అమెరికా వాళ్ళు 2009లో పిల్లల శిక్షణ పద్ధతే మార్చుకుని, రింకుని అడ్డంగా ముక్కలు చేసి ఆడించడం మొదలెట్టారు. చిన్న జాగాలో తప్పు చేస్తే రెండు సెకన్లలో గోలు పడిపోద్ది, కోచ్ చెప్పక్కర్లేదు, ఎందుకు పడిందో వాడికే తెలిసిపోద్ది.

రెండో ముక్క, "ఇల్లు". గోలు రెండు స్తంభాల నుంచి ముందుకి ఏటవాలుగా రెండు గీతలు, అక్కణ్ణించి తిన్నగా ఇంకో రెండు గీతలు, పైన మూసేస్తే ఇల్లు బొమ్మలా ఉంటది. గోల్స్‌లో ఎక్కువ ఈ ఇంట్లోంచి కొట్టినవే. ఎటాక్ అంటే ఇంట్లోకి దూరడం, డిఫెన్స్ అంటే దూరనివ్వకపోవడం. ఇంతకన్నా థియరీ పిల్లలకి చెప్పకండి, వినరు కూడా.

కావాల్సిన సామాను

- జాగా: ముగ్గురు ముగ్గురు ఆడాలంటే 50 అడుగులు × 40 అడుగులు, ఇద్దరిద్దరికి 40 × 30 చాలు. మిల్లు గచ్చు, షటిల్ కోర్టు, కల్యాణమండపం వెనక సిమెంటు జాగా, ఏదైనా ఫర్వాలేదు. టైల్స్ మాత్రం వద్దు, చెమట చుక్క పడితే జారుడుబల్లే.
- కర్రలు: ఐస్ హాకీ కర్ర కానీ ప్లాస్టిక్ స్ట్రీట్ హాకీ కర్ర కానీ. మామూలు బూట్లతో నిలబడి కర్ర నిట్టనిలువునా పెడితే ముక్కు దాకా రావాలి, స్కేట్స్ వేసుకుంటే గడ్డం దాకా. మన గ్రౌండ్ హాకీ కర్రలు ఉన్నాయి కదా అని అవి తేకండి. 2023లో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు కాకినాడలోనే జరిగాయి, ఇటేపు ఆ కర్రలు దొరుకుతాయి, కాదన్ను. కానీ ఆ కర్రకి ఒకవైపే చదును, ఆ వైపుతోనే కొట్టాలి. ఐస్ హాకీ కర్రతో రెండువైపులా ఆడొచ్చు. అది అలవాటైనోడికి ఇది మళ్ళీ మొదటినుంచి నేర్పాలి.
- బంతి: స్ట్రీట్ హాకీ బంతి, అందులోనూ ఎండకాలానికని అమ్మే ఆరెంజ్‌ది. దొరక్కపోతే టెన్నిస్ బంతికి సూదితో చిల్లు పెట్టి పైన ఎలక్ట్రీషియన్ టేపు చుట్టండి, ఎగరడం తగ్గుద్ది. గ్రౌండ్ హాకీ బంతి మాత్రం ససేమిరా వద్దు, 160 గ్రాముల దాకా బరువు, రాయి లాంటిదే. ఐస్ మీద వాడే పక్ బరువు 170 గ్రాములు, అది గచ్చు మీద పాకదు, ఈడ్చుకుంటూ ఆగిపోద్ది.
- గోల్స్: పీవీసీ పైపు, ఎల్బోలు, టీలు. అసలు గోలు 6 అడుగుల వెడల్పు 4 అడుగుల ఎత్తు, మనకి 4 × 3 చాలు. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల పాతది ఎవర్ని అడిగినా ఇస్తారు, అది చుట్టేయండి.
- హద్దులు: సరుగుడు కర్రలు పడుకోబెట్టండి, లేదా పైపులు. నాలుగువైపులా కుదరకపోతే పంట బోదె ఉన్న వైపు తప్పకుండా పెట్టండి, బంతి బోదెలో పడితే పిల్లలందరూ దాంతోపాటు దిగిపోతారు, ఇంక ఆట సంగతి మర్చిపోండి.
- హెల్మెట్, మోకాలు-మోచేతి ప్యాడ్లు, నోట్లో పెట్టుకునే గార్డు. మౌత్ గార్డు ఎందుకులే అని మొదట్లో నేనూ వదిలేశాను. రెండో వారమే ఒకడి కర్ర పైకి లేచి ఇంకోడి పెదవి చీలింది, వాళ్ళమ్మగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.
- ముగ్గు లేదా సుద్ద, రెండు రంగుల బనీన్లు, ఈల, కోన్లకి బదులు కొబ్బరి డొక్కలు.

గోలీకి పూర్తి ప్యాడ్లు లేకపోతే ఏ పిల్లాణ్ణీ గోల్లో నిలబెట్టకండి. గోలు మధ్యలో గోనెసంచి వేలాడదీసి అటూ ఇటూ ఒక్కో అడుగు ఖాళీ వదలండి, అదే మీ గోలీ. పైగా ఊరికే బలంగా బాదడం మానేసి చూసి కొట్టడం అలవాటవుద్ది.

మొదటి పని: గచ్చు సిద్ధం చెయ్యడం

1. ఊడవండి. మళ్ళీ ఊడవండి. వడ్ల గింజలు, ఊక కాలికింద పడితే బూటు జారుద్ది, చిన్న రాయి చక్రానికి అడ్డం పడితే స్కేట్ అక్కడే ఆగి మనిషి ముందుకి పోతాడు. పిల్లల్నే ఒక వరసలో నిలబెట్టి గచ్చంతా నడిపించి ఏరించండి.

2. గోల్స్ చివర హద్దుకి ఆనించి పెట్టకండి. ఒక్కోటీ 8 నుంచి 10 అడుగులు లోపలికి జరపండి. గోలు వెనక ఆ జాగా చాలా ముఖ్యం, దాన్ని మా పిల్లలు "పెరడు" అంటారు. ఇల్లు ముందుంది కాబట్టి వెనకది పెరడే కదండి.

3. ఇల్లు గీయండి. స్తంభాల నుంచి ఏటవాలుగా వెళ్తే గోలుకి 8 అడుగుల ముందు, మొత్తం 12 అడుగుల వెడల్పు రావాలి. అక్కణ్ణించి తిన్నగా ఇంకో 6 అడుగులు, పైన అడ్డగీత, అదే ఇంటి గుమ్మం. మంచు పడిన పొద్దున్న ముగ్గు ఉండదు, తడి గుడ్డతో తుడిచినట్టు పోద్ది, అప్పుడు సుద్ద వాడండి.

4. మూడు రూల్స్ చెప్పండి, అంతే. కర్ర నడుం దాటి లేవకూడదు. ఒంటితో గుద్దకూడదు. ఈల వినపడితే ఎక్కడున్నవాడు అక్కడే ఆగాలి. గుద్దుడు గురించి వాదించే కుర్రోళ్ళుంటారు, "టీవీలో గుద్దుకుంటారు కదండీ మాస్టారూ" అంటారు. అమెరికాలో కూడా 13-14 ఏళ్ళ విభాగం నుంచే దానికి అనుమతి, అదీ ఐస్ మీద, ఒంటినిండా ప్యాడ్లతో, పక్కన చెక్కగోడ ఉన్నచోట. ఇక్కడ కింద ఉన్నది సిమెంటు.

5. టైము: 40 సెకన్లు ఆట, 80 సెకన్లు రెస్టు. అంటే మూడు బ్యాచ్‌లు చెయ్యండి, ఒకటి ఆడుతుంటే రెండు బయట. పెద్దవాళ్ళ మ్యాచ్‌లో కూడా ఒక విడతలో ఐస్ మీద ఉండేది ముప్పావు నిమిషం అటూ ఇటూనే. మన వేడికి, ఈ ఉక్కపోతకి నిమిషం దాటిస్తే ఆఖర్న నడుచుకుంటూ ఆడతారు, నడుస్తూ ఆడిన ఆటలో ఏమీ రాదు. పొద్దున్న 6కి మొదలెట్టి ఏడున్నరకి ఆపేయండి. మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

ఆటలు

ఒక రోజులో రెండు మించి ఆడించకండి. వరస మాత్రం ఇదే ఉంచండి.

6. ముగ్గురి మధ్య దొంగ

15 అడుగుల చదరం, నాలుగు మూలలా డొక్కలు. బయట ముగ్గురు, మధ్యలో ఒక దొంగ. ముగ్గురూ ఒక్కో పక్క గీత మీద ఉంటారు, నాలుగో పక్క ఖాళీ. ఒక్కటే రూలు, బంతి ఉన్నవాడికి ఎడంపక్కా కుడిపక్కా ఒక్కో మనిషి ఉండాలి. అంటే పాస్ వెళ్ళిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఖాళీ పక్కకి జరగాలి. వరసగా పది పాస్‌లైతే ఒక పాయింటు.

పిల్లలు చేసే తప్పు, పాస్ వెళ్ళాక నిలబడి చూడ్డం. "కదులు కదులు" అని అరవకండి. ఖాళీ పక్కకి జరగాల్సినవాడు కదలకుండా ఉంటే వాడే దొంగ అయిపోతాడని రూలు పెట్టండి, రెండు నిమిషాల్లో కాళ్ళు వాటంతటవే కదుల్తాయి. మరీ చిన్నపిల్లలైతే దొంగ చేతిలో కర్ర లేకుండా ఆడించండి, కాళ్ళతోనే ఆపాలి.

7. పెరడు ఆట

ఇది నాకు బాగా ఇష్టమైన ఆట, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను. ముగ్గురు ముగ్గురు, రెండు గోల్స్. దీనికి తోడు ఒక్కో జట్టు మనిషి ఒకడు ఎదుటి జట్టు గోలు వెనక పెరట్లో ఉంటాడు. పెరట్లోకి ఇంకెవరూ వెళ్ళకూడదు, వాడూ బయటికి రాకూడదు. పెరట్లోంచి వచ్చిన పాస్ మీద కొట్టిన గోలే గోలు. మిగతావి లెక్కలోకి రావు.

వేన్ గ్రెట్జ్‌కీ అని కెనడా ఆయన, గోలు వెనకాలే నిలబడి ఆట నడిపేవాడు, ఆ చోటుని అందరూ ఆయన "ఆఫీసు" అనేవారు. ఎన్‌హెచ్‌ఎల్ అనే అక్కడి పెద్ద లీగ్‌లో ఆయన గోల్స్ 894, గోలుకి సాయం చేసిన పాస్‌లు 1,963. ఇంకే ఆటగాడికీ గోల్స్, పాస్‌లు రెండూ కలిపినా అన్ని లేవు. ఆయన గోల్స్ రికార్డుని 2025లో ఒవెచ్‌కిన్ అనే రష్యా ఆటగాడు దాటాడు గానీ ఆ పాస్‌ల జోలికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు గచ్చు మీద ఏమవుద్దో చెప్తాను. మొదటి ఐదు నిమిషాలు ఎటాక్ చేసే ముగ్గురూ పోయి గోలు ముందు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతారు. డిఫెండర్లు పక్కనే ఉంటారు కాబట్టి పాస్ ఏదీ అందదు. మీరు ఏమీ అనకండి. కాసేపటికి వాళ్ళలో ఒకడు, సాధారణంగా అలసిపోయినవాడు, వెనకబడిపోయి ఇంటి గుమ్మం దగ్గర ఒంటరిగా మిగులుతాడు, బంతి వాడికొస్తది, కొట్టేస్తాడు. అదిగో అప్పుడు ఈల వేసి ఆపండి. "వీడొక్కడికే ఎందుకు అందింది?" అని అడగండి. మా దగ్గర ఒక పిల్ల, "అందరూ ముందే వెళ్ళిపోయారు, నేను లేటండీ" అంది. నేను చెప్పాలనుకున్నది అదే. ఇంట్లో ముందే పోయి కూర్చోకూడదు, బంతి వచ్చే టైముకి చేరాలి. ముగ్గురిలో ఒకడు గోలు పక్కన, ఒకడు దూరపు స్తంభం వైపు, మూడోవాడు ఆలస్యంగా గుమ్మంలోకి.

ఇంకోటి, కర్ర నేల మీద ఉండాలి. కర్ర భుజం మీద వేసుకుని నిలబడ్డవాడికి ఎంత మంచి పాస్ వచ్చినా కర్ర దించేసరికి బంతి వెళ్ళిపోద్ది.

డిఫెండర్ల కష్టం దీంట్లో వేరే. బంతి వాళ్ళ వెనకుంది, కాపలా కాయాల్సిన మనిషి ముందున్నాడు. బంతిని చూస్తే మనిషి జారిపోతాడు, మనిషిని చూస్తే పాస్ వచ్చేస్తది. మందు ఏంటంటే, గోలుకి పూర్తిగా వీపు పెట్టకుండా పక్కకి తిరిగి నిలబడి తల అటూ ఇటూ తిప్పుతూ ఉండటం, కర్రని పాస్ వచ్చే దారిలో నేలకి ఆనించి ఉంచడం. తల తిప్పుతున్నారో లేదో చూడాలంటే, మీరు పక్కన నిలబడి అప్పుడప్పుడు వేళ్ళు చూపించండి, ఆట ఆగాక "ఎన్ని వేళ్ళు?" అని అడగండి. మొదటి రోజు ఒక్కడూ చెప్పలేడు.

మనుషులు తక్కువైతే రెండు జట్లకీ ఒకే గోలు, పెరట్లో ఒకే మనిషి, వాడు ఎవరు పాస్ ఇస్తే వాళ్ళకే తిరిగిస్తాడు.

8. జంట ఆట

డిఫెన్స్‌కి ఇది పునాది. 40 × 30 జాగా, ఒక గోలు, ఇద్దరు మీద ఇద్దరు. ముందే జంటలు కట్టేయండి, నీ జంట నుంచి నువ్వే బంతి తియ్యాలి, పక్కవాడి జంట జోలికి పోకూడదు. బంతి తీసుకున్న జట్టు దాన్ని గుమ్మం గీత దాకా బయటికి తీసుకెళ్ళి మళ్ళీ ఎటాక్ మొదలెట్టాలి. ఎవడి జంట గోలు కొడితే వాడి పేరు మీద ఒక గీత. ఇంక తప్పు పక్కవాడి మీదకి తొయ్యడానికుండదు.

ఆపడం ఎలాగో ఇక్కడే నేర్పాలి. మన చేలల్లో బాతుల్ని తోలేవాళ్ళని చూశారుగా. ఆయన బాతుల మీదకి పరిగెత్తడు. పరిగెత్తితే చెదిరిపోతాయి. పొడుగు కర్ర పట్టుకుని ఒక పక్కన, కొంచెం వెనగ్గా నడుస్తాడు, కర్ర చూపించి ఒకవైపు మూసేస్తాడు, అవి రెండోవైపు గట్టు వెంబడి వాటంతటవే పోతాయి. బంతి ఉన్నవాణ్ణీ అంతే, గోలు వైపు మూసి హద్దు వైపు తోలాలి.

   - మొదటి మూడు అడుగులు జోరుగా వెళ్ళండి, తర్వాత నెమ్మదించండి. అదే జోరుతో వెళ్తే వాడు పక్కకి ఒక్క అడుగేస్తే మీరు ఎక్కడికో వెళ్ళిపోతారు.
   - వాడికీ గోలుకీ మధ్యన ఉండండి, కొంచెం లోపలివైపుకి. బయటివైపు దారి వదలండి, అది మీరు ఇచ్చిన దారి.
   - మధ్యలో కర్ర పొడవంత దూరం. అంతకన్నా ఎడమైతే షాట్ కొడతాడు, దగ్గరైతే దాటేస్తాడు.
   - కర్ర ఒంటిచేత్తో, బంతి వైపు, నేల మీద. ఊపకండి.
   - కళ్ళు వాడి బనీను మీద. బంతితో మోసం చెయ్యొచ్చు, తలతో చెయ్యొచ్చు, గుండె మీద బొమ్మ మాత్రం వాడు వెళ్ళే వైపే వెళ్తది.
   - హద్దు దగ్గరికొచ్చి వాడికి జాగా అయిపోయాక, అప్పుడు బంతి తియ్యండి.

కబడ్డీ ఆడిన పిల్లలకి ఇది తొందరగా ఎక్కుద్ది, నేను గమనించాను. కార్నర్‌లో నిలబడేవాడు రెయిడర్ కాలు ఎప్పుడు దొరుకుద్దా అని ఓపిక పడతాడు కదా, తొందరపడి దూకితే పాయింటు పోద్దని వాడికి తెలుసు. క్రికెట్ తప్ప ఇంకోటి ఆడనివాళ్ళే బంతి కనపడగానే కర్ర ఎత్తి బాదడానికి వస్తారు, ఏమీ అనుకోకండి.

9. గోడ మనుషులు

ముగ్గురు ముగ్గురు, రెండు గోల్స్, దీనికి తోడు పొడుగు హద్దులు రెండింటి బయట ఒక్కో మనిషి. వీళ్ళు ఏ జట్టూ కాదు, ఎవరిస్తే వాళ్ళకి తిరిగిస్తారు, రెండు సెకన్లకన్నా బంతి ఉంచుకోకూడదు. ఎదుటోళ్ళ నుంచి బంతి తీసుకున్న జట్టు ముందు గోడ మనిషికి ఇచ్చి, తిరిగి తీసుకున్నాకే గోలు కొట్టాలి.

పాయింట్లు ఇలా పెట్టండి: ఇంటి బయట నుంచి కొడితే 1, ఇంట్లోంచి కొడితే 2, ఇంటిని అడ్డంగా దాటుకుంటూ వచ్చిన పాస్ మీద కొడితే 3. అడ్డంగా వచ్చిన పాస్‌కి అంత విలువ ఎందుకంటే, గోలీ ఒక చివర నుంచి ఇంకో చివరికి జరిగేలోపు గోలు సగం తెరిచే ఉంటది. రెండోవైపు డిఫెండర్లు దీన్నుంచి నేర్చుకునేది, బయట నుంచి కొట్టే షాట్ కొట్టనివ్వు గానీ అడ్డంగా పాస్ మాత్రం పోనివ్వకు అని.

10. వెనకాల వచ్చేవాడు

ముగ్గురు ఎటాక్, ఇద్దరు డిఫెన్స్, మూడో డిఫెండర్ ఎటాక్ వాళ్ళకన్నా 12 అడుగులు వెనక నుంచి బయల్దేరతాడు. మీరు ఈల వేస్తే అందరూ ఒకేసారి. ఎటాక్ వాళ్ళకి పది సెకన్ల టైము.

వెనక నుంచి వచ్చేవాడు నూటికి తొంభైసార్లు బంతి మీదకే పోతాడు. అక్కడ ఆల్రెడీ మనవాడు ఉన్నాడు కదా! వాడు చెయ్యాల్సింది, ముందు ఇంటి నడిమికి పరిగెత్తడం, దార్లో తల తిప్పి ఎవర్నీ కాయని ఎటాక్ మనిషి ఎవడో చూసుకోవడం, వాణ్ణి పట్టుకోవడం. చూశాక నోటితో చెప్పాలి కూడా, "వీడు నావాడు" అని గట్టిగా. మనవాళ్ళకి ఊళ్ళో ఎంత నోరున్నా ఆటలో పెగలదు, ఎందుకో మరి.

ముందున్న ఇద్దరూ ఎదురెళ్ళకుండా నెమ్మదిగా ఇంటి వైపు వెనక్కి తగ్గుతూ ఆలస్యం చెయ్యాలి. ఇది రాకపోతే 12 అడుగుల్ని 6 చెయ్యండి, మరీ తేలికైపోతే 18 చెయ్యండి.

ఐస్ మీద ఆడించే వాళ్ళకి

ఇవే ఆటలు, జాగా మాత్రం నీలం గీత (రింకుని మూడు భాగాలు చేసే రెండు గీతల్లో ఒకటి) నుంచి చివరి గోడ దాకా ఉన్న ముక్కలో అడ్డంగా పెట్టుకోండి, రెండు గోల్స్ రెండు పక్క గోడలవైపు, పెరడు కోసం కొంచెం లోపలికి. చిన్న జాగాలో ఆఫ్‌సైడ్ లేదు, పక్ కన్నా ముందే గీత దాటాడని ఆపకండి. ఈల వేస్తే ఆడుతున్న బ్యాచ్ పక్‌ని అక్కడే వదిలేసి గోడ దగ్గరికి పోవాలి, కొత్త బ్యాచ్ దానికోసం పరిగెత్తాలి, ఆట ఆగకూడదు. రింకు అద్దె అక్కడ గంటల లెక్కన గుంజుతారు, వరసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ పంపే పద్ధతి డబ్బు దండగ.

మన దేశంలో ఐస్ మీదే నేర్చుకోవాలంటే లడఖ్ వాళ్ళదే అదృష్టం, చలికాలం చెరువులు గడ్డకట్టుకుపోతాయి. 2025లో ఆసియా కప్‌లో మన ఆడపిల్లల జట్టు కాంస్యం తెచ్చింది, ఆ జట్టులో ఎక్కువమంది అక్కడి పిల్లలే. మనకి గోదావరి గడ్డకట్టేది లేదు, గచ్చుతో సరిపెట్టుకుందాం.

ఎక్కువగా జరిగే తప్పులు, ఇవి మనవి, పిల్లలవి కాదు

ఒకేసారి నాలుగు రూల్స్ పెట్టడం. నేను మొదటి నెలంతా ఇదే చేశాను, పెరడు, గోడ మనుషులు, పాయింట్లు అన్నీ కలిపేసరికి పిల్లలు ఆడ్డం మానేసి నా మొహం చూస్తూ నిలబడ్డారు. ఒక ఆటకి ఒక రూలు. అది కుదిరాక రెండోది.

జాగా తప్పు పెట్టడం కూడా అంతే మామూలు. గోల్స్ వరసపెట్టి పడిపోతుంటే జాగా ఎక్కువైంది, హద్దులు ఐదడుగులు లోపలికి జరపండి. మూడు పాస్‌లు కూడా పడకుండా బంతి ఇరుక్కుపోతుంటే జాగా చాలట్లేదు, బయటికి జరపండి. డొక్కలే కదా, నిమిషం పని.

బాగా ఆడేవాణ్ణి ఒకే జట్టులో ఉంచెయ్యడం. వాడొక్కడే అన్నీ కొట్టేస్తాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. వాడికి ప్రత్యేకంగా రూలు పెట్టండి, బంతి మూడు సెకన్లే ఉంచుకోవాలి అని. అలిగితే అలగనీండి.

ఇంకా, బయట కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు "కొట్టరా! కొట్టు!" అని అరవడం. ఎక్కడి నుంచి కొట్టాలో వాళ్ళకీ తెలీదు. మా దగ్గర ఒక నాన్నగారు మరీ ఎక్కువ అరుస్తుంటే పెన్నూ కాగితం ఇచ్చి, ఇంట్లోంచి ఎన్ని, బయట నుంచి ఎన్ని షాట్లో లెక్క రాయమన్నాను. ఆయ్, అలాగేనండి అని తీసుకున్నారు, ఆ రోజు నుంచి నోరెత్తలేదు, లెక్కలు మాత్రం పక్కాగా రాస్తున్నారు.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

గోల్స్ లెక్కపెట్టి మురిసిపోకండి, అది మోసం. ఇవి చూడండి.

ఈల పరీక్ష: ఆట మధ్యలో చెప్పకుండా ఈల వేసి అందర్నీ ఆపండి. బంతి ఉన్నవాడికి రెండు పక్కలా పాస్ ఇవ్వడానికి మనుషులున్నారా? ప్రతి డిఫెండర్ తన మనిషికీ గోలుకీ మధ్యన ఉన్నాడా? కర్రలు ఎన్ని నేల మీదున్నాయి? ఒక ఆటలో ఐదుసార్లు ఆపి ఎన్నిసార్లు సరిగ్గా ఉందో రాసుకోండి. అంతకు మించి ఆపకండి, ఆట చచ్చిపోద్ది.

షాట్ల లెక్క: ఇంట్లోంచి ఎన్ని, బయట నుంచి ఎన్ని. నాలుగు వారాల్లో ఇంట్లోంచి కొట్టేవి పెరగాలి. పెరిగి, మళ్ళీ తగ్గితే కంగారు పడకండి, డిఫెన్స్ నేర్చుకుంటున్నారని అర్థం.

ఫోను: మిల్లు మేడ మీద నుంచి కిందకి చూపించి వీడియో తియ్యండి, పక్కనుంచి తీస్తే ఏమీ తెలీదు. పది సెకన్లకోసారి ఆపి చూడండి. అందరూ ఒక మంచం పట్టేంత జాగాలో గుమిగూడి కనపడితే ఇంకా ఈగల దశలోనే ఉన్నారు, మళ్ళీ ముగ్గురి మధ్య దొంగ దగ్గరికి వెళ్ళండి. సిగ్గేం లేదు, మేము మూడుసార్లు వెళ్ళాం.

రూలు తీసేసే పరీక్ష: ఇది ఆఖరిది, అసలుది. నాలుగో వారం ఏ రూలూ లేకుండా, పాయింట్లు లేకుండా మామూలు మ్యాచ్ పెట్టండి. ఎవరూ చెప్పకుండానే గోలు వెనకకి బంతి పోతుంటే, మూడోవాడు గుమ్మంలోకి ఆలస్యంగా వస్తుంటే, అప్పుడు వచ్చినట్టు. మళ్ళీ గుంపు కట్టేస్తే రూలు కోసం ఆడారు గానీ ఆట రాలేదు, ఇంకో రెండు వారాలు పెరడు ఆటే.

ఒక్క మాట మిల్లు గచ్చు వాడుకునేవాళ్ళకి. దాళ్వా (రబీ వరి) కోతలు మొదలయ్యాక గచ్చు మనది కాదు, వడ్లది. ముందే అడిగి తేదీ తెలుసుకుని గోల్స్ తీసేయండి, ముగ్గు కడిగేయండి, మేకు గానీ టేపు ముక్క గానీ వదలకండి. ఆ రోజుల్లో మేము పక్కనే షటిల్ కోర్టులో స్కేట్స్ లేకుండా బూట్లతోనే ముగ్గురి మధ్య దొంగ, జంట ఆట రెండూ ఆడిస్తాం. ధాన్యం ఎత్తేశాక ఒక పూట ఊడవడానికే పడుతుంది, ఆ పూట పిల్లలకి చీపుళ్ళు తెచ్చుకోమని ముందే చెప్పండి.